స్క్రిప్టు నడిస్తే చాలదు.. నిజం చెప్పాలి!

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ‘ఆటోమేషన్’ అన్న మాట ఇప్పుడు చాలా మామూలైపోయింది. నైపుణ్యాల వరసలో పైథాన్, పవర్‌షెల్, క్లౌడ్ అన్నీ కనిపిస్తాయి. ‘బాగుంది. మీరు రోజూ చేత్తో చేసే ఏ పనిని మీ సొంత ల్యాప్‌టాప్‌కి అప్పగించారు?’ అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. సర్టిఫికెట్ ఉంటుంది, ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది. కానీ తాను రాసినది తాను లేనప్పుడు కూడా సరిగ్గా నడిచిందా అన్న అనుభవం ఉండదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ ఇల్లంటే మన టేబుల్ మీదున్న విండోస్ కంప్యూటరే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్లేస్‌మెంట్ల సీజన్‌కి ముందు ప్రతి విద్యార్థీ కనీసం ఒక్క బ్యాచ్ ఫైలు రాయాలి. రెండు మూడు స్క్రిప్టులను వరసగా నడిపేది, రోజూ ఒక నిజమైన పని చేసేది అయి ఉండాలి. దాన్ని రాయడం పది నిమిషాల పని. మధ్యలో ఏదైనా ఆగిపోతే దాచకుండా ‘ఆగిపోయాను’ అని చెప్పేలా రాయడం పది రోజుల పని. ఉద్యోగానికి పనికొచ్చే చదువు ఆ పది రోజుల్లోనే ఉంది.

పాతదే.. పోలేదు

బ్యాచ్ ఫైలు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్కొక్కటిగా టైప్ చేసే ఆదేశాలను నోట్‌ప్యాడ్‌లో వరసగా రాసి, ‘డాట్ బ్యాట్’ అన్న ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసిన మామూలు టెక్స్ట్ ఫైలు. డబుల్ క్లిక్ చేస్తే పైనుంచి కిందికి ఒక్కో వరసా నడుస్తుంది. 1980ల నాటి డాస్ కాలం నుంచీ ఇది ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీతో కొత్త కమాండ్ ప్రాంప్ట్ వచ్చింది. 2006లో అంతకంటే ఎంతో శక్తిమంతమైన పవర్‌షెల్ వచ్చింది. వీబీస్క్రిప్ట్‌ను క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. వీటన్నిటి మధ్యా బ్యాచ్ ఫైలు మాత్రం కదలకుండా కూర్చుంది.

కారణం చిన్నదే. విండోస్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా దాన్ని నడపడానికి విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అందుకే అసలు పని పైథాన్‌లోనో పవర్‌షెల్‌లోనో రాసినా, దాన్ని మొదలుపెట్టే తాళంచెవిగా బ్యాచ్ ఫైలు మిగిలింది. అప్లికేషన్ సపోర్ట్, టెస్టింగ్, ఎంఐఎస్ రిపోర్టుల పనుల్లో చేరేవారికి మొదట అప్పగించే వాటిలో ‘ఈ ఫైలు రోజూ రాత్రి నడవాలి, నడిచిందో లేదో చూడండి’ అన్న మాట తరచూ ఉంటుంది. ఇంజినీరింగ్ వాళ్లకే కాదు, బీకాం కంప్యూటర్స్ చదివి అకౌంట్స్ విభాగంలో చేరేవారికీ ఇది వర్తిస్తుంది.

మూడు మెట్ల పని

ఒక ఉదాహరణ తీసుకుందాం. జిల్లా కేంద్రంలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు ఉందనుకోండి. సాయంత్రానికి మూడు కౌంటర్ల నుంచి అమ్మకాల ఫైళ్లు ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. వాటిని కలిపి మొత్తం వేయాలి. ఆ ఫోల్డర్‌ని జిప్ చేయాలి. జిప్‌ని మరో కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. ఒక ఉద్యోగి రోజూ అరగంట దీనికే కేటాయిస్తున్నాడు. సెలవు పెట్టిన రోజు పని ఆగిపోతోంది.

ఇప్పుడు మొదటి పనికి పైథాన్ స్క్రిప్టు, రెండోదానికి పవర్‌షెల్ స్క్రిప్టు, మూడోదానికి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ వాడొచ్చు. ఈ మూడింటినీ వరసలో పిలిచే మూడు లైన్లు ఒక బ్యాచ్ ఫైల్లో రాస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తారు, చకచకా నడుస్తుంది. ఆటోమేషన్ చేసేశామని రెజ్యూమెలో రాసుకుంటారు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

నా దగ్గర నడిచింది సార్!

అదే ఫైలుని ఆఫీసు కంప్యూటర్‌లోకి మార్చి, రాత్రి 9 గంటలకు నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెడతారు. తెల్లారి చూస్తే షేర్డ్ ఫోల్డర్ ఖాళీ. ఎందుకు? సాధారణంగా తగిలే గుంతలు ఇవీ.

మొదటిది, ‘నేనిప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నాను’ అన్న ప్రశ్న. డబుల్ క్లిక్ చేసినప్పుడు బ్యాచ్ ఫైలు తానున్న ఫోల్డర్‌నే పని ఫోల్డర్‌గా తీసుకుంటుంది. టాస్క్ షెడ్యూలర్ ‘స్టార్ట్ ఇన్’ అన్న గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం విండోస్ సిస్టమ్32 ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. మీ స్క్రిప్టులు అక్కడ ఉండవు కదా! ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని నడిపినా ఇదే జరుగుతుంది. దీనికి మందు ఉంది. పర్సెంట్ గుర్తు, టిల్డా, డీ, పీ, సున్నా.. ఈ అయిదింటినీ ఖాళీ లేకుండా వరసగా రాస్తే ‘ఈ బ్యాచ్ ఫైలు ఎక్కడుందో ఆ ఫోల్డర్’ అని అర్థం. ఫైలు మొదట్లోనే ఆ ఫోల్డర్‌కి వెళ్లమని చెబితే ఎక్కడి నుంచి పిలిచినా ఇబ్బంది ఉండదు.

రెండోది, పేర్ల మధ్య ఖాళీ. మన పేర్లలో సాయి కిరణ్, వెంకట లక్ష్మి లాంటివి ఎక్కువ. విండోస్ యూజర్ ఫోల్డర్ కూడా అదే పేరుతో ఉంటే, పాత్ మధ్యలో ఖాళీ వస్తుంది. కోట్స్ పెట్టకపోతే కమాండ్ ప్రాంప్ట్ ‘సాయి’ దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది. పాత్‌లన్నిటికీ డబుల్ కోట్స్ పెట్టడం అలవాటు చేసుకోవాలి.

మూడోది, ‘పాజ్’. డబుల్ క్లిక్ చేయగానే నల్ల విండో మెరుపులా వచ్చి మాయమైతే, ఏం జరిగిందో చూడ్డానికి చివర్లో పాజ్ రాస్తాం. మంచి అలవాటే. కానీ రాత్రి 9 గంటలకు ఎవరూ లేని కంప్యూటర్‌లో ‘ఏదైనా మీట నొక్కండి’ అని అది అడిగితే నొక్కేదెవరు? పని అక్కడే వేలాడుతుంది. షెడ్యూల్‌లో పెట్టేముందు పాజ్ తీసేయాలి. విండో చూడాలంటే ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, అందులోంచి ఫైలుని నడిపితే చాలు.

నాలుగోది, డ్రైవ్ అక్షరాలు. మీరు లాగిన్ అయినప్పుడు జెడ్ డ్రైవ్‌గా కనిపించే షేర్డ్ ఫోల్డర్, ఎవరూ లాగిన్ కానప్పుడు నడిచే టాస్క్‌కి కనిపించకపోవచ్చు. మ్యాప్ చేసిన డ్రైవులు ఆ లాగిన్‌కే పరిమితం. డ్రైవ్ అక్షరం బదులు కంప్యూటర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ చిరునామా ఇవ్వాలి.

అయిదోది, తేదీ. ఫైలు పేరులో ఇవాళ్టి తేదీ చేర్చాలని అందరికీ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ ఇచ్చే తేదీ ఆ కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగులను బట్టి మారుతుంది. అమెరికా సెట్టింగుల్లో దాని మధ్యలో స్లాష్‌లు వస్తాయి. ఫైలు పేరులో స్లాష్ చెల్లదు. ఇక్కడ నడిచిన ఫైలు అమెరికా క్లయింటు సర్వర్‌లో ఆగిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

వీటిలో ఏదీ కష్టమైన కంప్యూటర్ సైన్స్ కాదు. కానీ ల్యాబ్ పరీక్షలో ఇవి రావు, ఎందుకంటే ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఒక్కసారి, ఒక్క కంప్యూటర్‌లో, మన కళ్లముందే నడుస్తుంది. ఉద్యోగంలో వందలసార్లు, వేరేచోట, మనం నిద్రపోతున్నప్పుడు నడుస్తుంది. ఆ తేడా తెలిసిన ఫ్రెషర్‌ని నాలుగు మాటల్లోనే గుర్తుపట్టొచ్చు.

నడిచిందా.. నడిచినట్టు నటించిందా?

ఇప్పుడు అసలు విషయం. ఫైలు ఆగిపోతే కనీసం తెలుస్తుంది. ఆగాల్సినచోట ఆగకుండా ముందుకు పోతే? మన ఉదాహరణలో పైథాన్ స్క్రిప్టు మధ్యలో కూలిందనుకోండి. బ్యాచ్ ఫైలుకి పట్టదు. తర్వాతి లైనుకి పోతుంది. నిన్నటి మొత్తాన్నే జిప్ చేస్తుంది, నిన్నటి లెక్కనే కాపీ చేస్తుంది. ఉదయాన్నే యజమాని ఫైలు చూసి సంతృప్తి పడతాడు. తప్పు లెక్కమీద సరుకు ఆర్డరు పెడతాడు. ఫైలు లేకపోవడం కంటే ఇది ప్రమాదం.

ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలి వెళుతుంది. 0 అంటే సాధారణంగా అంతా సవ్యం, మరో అంకె అంటే తేడా. బ్యాచ్ ఫైల్లో దాన్ని ‘ఎర్రర్‌లెవల్’ అంటారు. ఒక్కో మెట్టు తర్వాత ఆ అంకె చూసి, తేడా ఉంటే లాగ్ ఫైల్లో ఒక వాక్యం రాసి, ‘ఎగ్జిట్ స్లాష్ బీ 1’ అని బయటికి రావాలి. అప్పుడే టాస్క్ షెడ్యూలర్‌లో కూడా చివరి ఫలితం దగ్గర నిజం కనిపిస్తుంది.

ఇక్కడా మెలికలున్నాయి. రోబోకాపీ ఫైళ్లను చక్కగా కాపీ చేస్తే 1 ఇస్తుంది. దాని భాషలో 8, అంతకంటే పెద్ద అంకెలే వైఫల్యం. ‘0 కాకపోతే తప్పు’ అని గుడ్డిగా రాస్తే మంచిగా నడిచిన రోజే గగ్గోలు పెడుతుంది. పవర్‌షెల్ కొన్ని తప్పులను ఎర్ర అక్షరాల్లో చూపించి కూడా, ఏమీ కానట్టు ముందుకెళ్లి చివరికి 0 ఇచ్చేస్తుంది. తప్పు రాగానే ఆగమని స్క్రిప్టులోనే చెప్పాలి. పైథాన్‌లో ‘ట్రై, ఎక్సెప్ట్’ పెట్టి, ఎక్సెప్ట్ కింద ‘పాస్’ అని వదిలేస్తే తప్పు అక్కడే సమాధి అవుతుంది.

మరో మెలిక ‘కాల్’. ఒక బ్యాచ్ ఫైలు నుంచి మరో బ్యాచ్ ఫైలుని పిలిచేటప్పుడు ముందు కాల్ అని రాయాలి. లేదంటే రెండోది అయ్యాక మొదటిదాంట్లోకి తిరిగి రాదు, మిగతా లైన్లన్నీ చడీచప్పుడు లేకుండా మిగిలిపోతాయి. ఫుల్‌స్టాక్ నేర్చుకునేవారికి ఇది తప్పక తగులుతుంది. విండోస్‌లో ఎన్‌పీఎం కమాండ్ కూడా లోపల ఒక బ్యాచ్ ఫైలే. దాన్ని కాల్ లేకుండా రాస్తే ఇన్‌స్టాల్ అవుతుంది, ఆ తర్వాతి బిల్డ్ జరగదు. ఎర్రర్ ఏదీ కనిపించదు.

ఇదంతా చిన్న ఆఫీసుల గొడవ అనుకోవద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున వేరే సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్‌ని తొలగించాడు. బ్యాకప్ కోసం వెతికితే అది లేదు. రోజూ నడవాల్సిన బ్యాకప్ ప్రక్రియ డేటాబేస్ వెర్షన్ సరిపోలక విఫలమవుతూ వస్తోంది. విఫలమైనట్టు పంపిన ఈమెయిళ్లు సెట్టింగుల లోపం వల్ల తిరస్కరణకు గురయ్యాయి, ఎవరికీ చేరలేదు. అంతకు సుమారు 6 గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఉండబట్టి నష్టం ఆ 6 గంటల డేటాతో ఆగింది. అది లైనక్స్ సర్వర్ల కథ, ఆ సంస్థే బహిరంగంగా రాసుకున్న కథ. విండోస్ బ్యాచ్ ఫైలుకీ పాఠం అదే. స్క్రిప్టు ఉండటం ఒకటి, అది నడవడం ఒకటి, నడవనప్పుడు మనిషికి తెలియడం మరొకటి.

‘ఏఐ రాసిస్తుంది కదా!’

రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, ఇంత పాతది ఎందుకు, నేరుగా పవర్‌షెల్, పైథాన్, లైనక్స్ షెల్ నేర్చుకోవచ్చు కదా అని. తప్పకుండా నేర్చుకోండి. రెండొందల లైన్ల తర్కాన్ని బ్యాచ్ ఫైల్లో రాయమని ఎవరూ చెప్పరు. లెక్కలు, టెక్స్ట్ కోతలు, డేటాబేస్ పనులు పైథాన్‌కి వదిలేయాలి. బ్యాచ్ ఫైలు ముప్పయి లైన్లు దాటుతోందంటే దారి తప్పినట్టే. కానీ పని ఫోల్డర్, పాత్, ఎగ్జిట్ కోడ్, లాగ్ అన్నవి ఏ షెల్‌లోనైనా ఉంటాయి. ఇక్కడ నేర్చుకున్నది రేపు లైనక్స్ సర్వర్‌లో, క్లౌడ్ పైప్‌లైన్‌లో అక్కరకొస్తుంది. పేర్లు మారతాయి, బుద్ధి అదే.

రెండోది, ఏఐని అడిగితే అర నిమిషంలో బ్యాచ్ ఫైలు రాసిస్తుంది కదా అని. రాసిస్తుంది, బాగానే రాసిస్తుంది. అయితే మీ ఆఫీసులో జెడ్ డ్రైవ్ ఎవరి లాగిన్‌లో ఉందో, మూడో కౌంటర్ ఫైలు ఆదివారం రాదన్న సంగతి ఏమిటో మీరు చెప్పకపోతే దానికి తెలియదు. చెప్పాలంటే ముందు మీకు ఆ ప్రశ్నలు తట్టాలి. రాత్రి రెండింటికి ఫైలు ఆగితే ఫోన్ వచ్చేదీ మీకే. రాయడం చవకైనకొద్దీ, రాసినదాన్ని చదివి ‘ఇక్కడ తప్పు జరిగితే ఏమవుతుంది’ అని అడగగల మనిషికి విలువ పెరుగుతుంది. ఏఐ ఇచ్చిన ఫైలుని నడిపేముందు ఒక్కో లైను ఏం చేస్తుందో నోటితో చెప్పగలగాలి. చెప్పలేని లైను ఉంటే నడపకూడదు.

చెయ్యి జారితే..

ఈ హెచ్చరిక ఊరికే చేయడం లేదు. బ్యాచ్ ఫైల్లో డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. ఒక ఉదాహరణ చూడండి. ‘డీ డ్రైవ్‌లోని పాత రిపోర్టుల ఫోల్డర్‌కి వెళ్లు, అందులో ఉన్నవన్నీ తొలగించు’ అని రెండు లైన్లు రాశారు. సీ డ్రైవ్‌లో ఉండగా ‘సీడీ’ కమాండ్ ఒక్కటే రాస్తే డ్రైవ్ మారదు. ‘సీడీ స్లాష్ డీ’ అని రాయాలి. రాయలేదు. రెండో లైను మాత్రం శ్రద్ధగా నడుస్తుంది, అప్పుడు మీరున్న ఫోల్డర్ మీద. అందుకే తొలగించే పని ఉన్నప్పుడు పూర్తి పాత్ రాయాలి, ఫోల్డర్ ఉందో లేదో ముందు చూడాలి. తొలి రోజు డిలీట్ బదులు ‘ఎకో’ పెట్టి ఏ పేర్లు వస్తాయో చూసుకోవాలి.

పాస్‌వర్డ్‌లు బ్యాచ్ ఫైల్లో రాయకూడదు. అది మామూలు టెక్స్ట్, తెరిచిన ఎవరికైనా కనిపిస్తుంది. ఎవరో పంపిన బ్యాచ్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఎడిట్’తో చదవకుండా డబుల్ క్లిక్ చేయకూడదు. పవర్‌షెల్ స్క్రిప్టులు మన విండోస్ కంప్యూటర్లలో మొదట నిషేధంగానే ఉంటాయి. బ్యాచ్ ఫైలు నుంచి ‘ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్’ అని ఆ ఒక్కసారికి దాటించవచ్చు. సొంత కంప్యూటర్‌లో సొంత స్క్రిప్టుకైతే ఫర్వాలేదు. కంపెనీ కంప్యూటర్‌లో అడగకుండా అలా చేస్తే మొదటి నెలలోనే సెక్యూరిటీ విభాగానికి సంజాయిషీ రాసుకోవాల్సి రావొచ్చు.

ఈ వారమే మొదలుపెట్టండి

ఏ పని ఎంచుకోవాలన్న సందేహం వద్దు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకున్న పీడీఎఫ్‌లను సబ్జెక్టుల వారీగా సర్దడం, ప్రాజెక్టు ఫోల్డర్‌ని రోజూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం, కోడింగ్ ప్రాక్టీసు మొదలుపెట్టేముందు తెరిచే నాలుగు ప్రోగ్రామ్‌లను ఒకేసారి తెరవడం.. ఏదైనా సరే. ముందుగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. లేకపోతే నోట్‌ప్యాడ్ మీ ‘డాట్ బ్యాట్’ ఫైలుకి చివర ‘డాట్ టీఎక్స్‌టీ’ తగిలించిన సంగతి తెలియక గంట పోతుంది.

మొదటి రెండు రోజులు నడిచేలా రాయండి. మూడో రోజు నుంచి దాన్ని చెడగొట్టండి. ఒక ఇన్‌పుట్ ఫైలు పేరు మార్చండి. పెన్‌డ్రైవ్ తీసేయండి. వేరే ఫోల్డర్ నుంచి పిలవండి. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పెట్టి నడపండి. ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది నాకు నిజం చెప్పిందా? చెప్పకపోతే ఒక చెక్, లాగ్‌లో ఒక వాక్యం చేర్చండి. లాగ్ రాసేటప్పుడు ఒకే బాణం గుర్తు పాతదాన్ని చెరిపేస్తుందని, రెండు బాణాలు కింద చేరుస్తాయని గుర్తుపెట్టుకోండి. వారం తర్వాత టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించి, మరో వారం రోజూ ఉదయం లాగ్ చదవండి.

అప్పుడు రెజ్యూమెలో ‘ఆటోమేషన్ తెలుసు’ అన్న మాట తీసేసి, ఒక్క వాక్యం రాయండి: ఏ పని, ఎన్ని మెట్లు, రోజుకు ఎంత సమయం మిగిలింది, విఫలమైతే ఎలా తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ‘ఎప్పుడైనా ఆగిందా?’ అని అడిగితే ‘మూడుసార్లు ఆగింది సార్, మొదటిసారి ఎందుకంటే..’ అని మొదలుపెట్టగలరు. ఆ జవాబుని గైడ్లలో బట్టీ పట్టలేరు.

కాలేజీలకూ ఒక మాట. రెండు ల్యాబ్ పీరియడ్లు దీనికివ్వడానికి కొత్త సిలబస్, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త బడ్జెట్ ఏవీ అక్కర్లేదు. ప్రోగ్రామ్ అవుట్‌పుట్ వచ్చిందా అని మార్కులు వేసినట్టే, తప్పుడు ఇన్‌పుట్ ఇచ్చినప్పుడు అది ఒప్పుకుందా అని కూడా మార్కులు వేస్తే చాలు. పని చేసే స్క్రిప్టు రాసేవాళ్లు చాలామంది దొరుకుతారు. తన స్క్రిప్టు పని చేయని రోజున ముందుగా తానే వచ్చి చెప్పేవాళ్లకే జట్టులో బాధ్యత అప్పగిస్తారు.